వంపును పట్టిన లెక్క

ఓడలు కట్టే యార్డుల్లో ఒకప్పుడు మోల్డ్ లాఫ్ట్ అని ఒక హాలు ఉండేది. స్తంభాలు అడ్డురాని పొడవాటి హాలు, చెక్క నేల. కుర్చీలతో, బల్లలతో అక్కడ పని లేదు. ఆ నేలే వాళ్లకు కాగితం. ఓడ పొట్టను ఎక్కడెక్కడ అడ్డంగా కోస్తే ఏ ఆకారం వస్తుందో అదంతా అసలు కొలతల్లో నేల మీద గీసేవారు. డ్రాయింగ్ బల్ల మీద వందోవంతు సైజులో గీసిన బొమ్మలో అర మిల్లీమీటరు తేడా వస్తే, ఓడ దగ్గరికి వచ్చేసరికి అది ఐదు సెంటీమీటర్లు అవుతుంది. పక్కపక్కన అతకాల్సిన ఉక్కు పలకల మధ్య ఐదు సెంటీమీటర్లంటే మాటలు కాదు.

వంపు గీయడానికి వాళ్ల దగ్గరున్న పనిముట్టు ఒక సన్నటి చెక్క బద్ద. పేరు స్ప్లైన్. గీత ఏ చుక్కల మీదుగా పోవాలో ఆ చుక్కల దగ్గర బద్దను సీసపు దిమ్మెలతో అదిమిపెట్టేవారు. ముక్కులాంటి కొక్కెం ఉండటంతో ఆ దిమ్మెలకు బాతులు అని పేరు పడింది. చుక్కకీ చుక్కకీ మధ్య బద్ద ఎలా వంగాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉన్నవాటిలో తక్కువ ప్రయాసతో వంగే దారిని అదే వెతుక్కుంటుంది. లాఫ్ట్ పనివాడు మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు దించి, గీత వెంబడి ఒంటికన్నుతో చూసేవాడు. ఎక్కడైనా చిన్న కుదుపు కంటికి తగిలితే ఒక బాతును కాస్త జరిపేవాడు. గీత కుదిరాక దాని ప్రకారం చెక్క మూసలు కోసి, ఉక్కు వంచేవాళ్ల చేతికి ఇచ్చేవాడు.

1948 మార్చి 14న విశాఖపట్నంలో నెహ్రూ చేతుల మీదుగా ‘జలఉష’ నీళ్లలోకి దిగిన నాటికి ప్రపంచంలో ఎక్కడైనా ఓడకు ఒళ్లు ఏర్పడే పద్ధతి ఇదే. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఓడ ఆకారం అసలు ఎక్కడుందని అడిగితే నేల మీదుందని చెప్పాలి. ఆ నేలను మరో ఊరికి పంపలేరు. వేరే ఓడకు గీతలు గీయాలంటే పాతవి చెరపాలి. మూసలు దాచిపెట్టుకుందామంటే చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. తర్వాతి ఇరవై ముప్ఫయ్యేళ్లలో కంప్యూటర్ మీద వంపుల కోసం జరిగిన పనంతటి వెనకా ఉన్నది ఈ చిక్కే. ఒక ఆకారానికి నాలుగు నకళ్లు ఉండి, నాలుగూ నాలుగు రకాలుగా ఉంటే దేన్ని నమ్మాలి?

విమానాల వాళ్లకు ఈ ప్రశ్న ముందే ఎదురైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒకే విమానపు ముక్కలు వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారై ఒకచోట అతుక్కోవాలి. అమెరికాలో నార్త్ అమెరికన్ ఏవియేషన్‌లో పనిచేసిన రాయ్ లైమింగ్ దీనికి శంకుచ్ఛేదాలను పట్టుకున్నాడు. ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో చదివిన దీర్ఘవృత్తం, పరావలయం, అతిపరావలయం ఇవే. పీ-51 మస్టాంగ్ ఫైటర్ ఒంటి వంపులను ఆయన ఈ రేఖల ముక్కలుగా విడగొట్టి సమీకరణాల్లో పెట్టాడు. బద్ద వంచి గీసిన గీతను చూసి పదిమంది పది రకాలుగా కొలుస్తారు. సమీకరణంలో అంకెలు వేస్తే పదిమందికీ ఒకటే జవాబు. 1944లో ఆయన ఈ పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. చేత్తో తిప్పే గణన యంత్రాల కాలంలో ఇంత పని జరగడం చిన్న విషయం కాదు. అయినా ఆ పుస్తకం విమానాల ఇంజినీర్లు దాటి పెద్దగా బయటికి పోలేదు.

కార్ల దారి వేరు. జనరల్ మోటార్స్ 1927లో హార్లీ అర్ల్‌ను తెచ్చి ఆర్ట్ అండ్ కలర్ విభాగం పెట్టినప్పటి నుంచి కారు ఆకారం మట్టిలో పుట్టడం మొదలైంది. అసలు సైజు కారును క్లేతో చేసి, గీకి, నునుపు చేసి, దొరలు వచ్చి చూసి బాగుందన్నాక అడ్డుకోతల మూసలతో దాని కొలతలు తీసేవారు. వాటిని పెద్ద కాగితాల మీదికి ఎక్కించి, అక్కడి నుంచి గట్టి చెక్కతో మాస్టర్ మోడల్ చేసేవారు. రేకులు కొట్టే డైలు ఆ చెక్క బొమ్మను చూసి తయారవ్వాలి. మట్టి నుంచి కాగితానికి, కాగితం నుంచి చెక్కకు, చెక్క నుంచి ఉక్కుకు వచ్చేసరికి ప్రతి మలుపులోనూ ఒకరి కన్నూ ఒకరి చెయ్యీ కొంచెం కొంచెం మార్చేవి. చివరికి తలుపు రేకు, ఫెండర్ రేకు పక్కపక్కన పెట్టి చూస్తే కలవవు. స్టైలిస్టు డ్రాఫ్ట్స్‌మన్‌ను అంటాడు, డ్రాఫ్ట్స్‌మన్ చెక్కపనివాణ్ని అంటాడు, చెక్కపనివాడు డై మేకర్‌ను అంటాడు. తేల్చేవాడు లేడు.

ఈలోగా 1952లో ఎంఐటీలో అంకెలు చదివి తనంతట తానే లోహాన్ని కోసే మిల్లింగ్ మెషిన్‌ను చూపించారు. పంచ్ చేసిన కాగితపు టేపు మీద ఎలా చెబితే అలా కత్తి కదులుతుంది. అయితే కారు వంపును టేపుకు ఎలా చెప్పాలి? గుండ్రాన్నీ సరళరేఖనూ చెప్పొచ్చు. ఫెండర్ మీద పొంగి, తలుపు మీద సాగి, వెనక దీపం దగ్గర ముడుచుకునే ఆ వంపుకు అంకెలు ఎవరి దగ్గరా లేవు.

పారిస్‌లో సిత్రోయెన్ కంపెనీ 1958లో ముప్ఫై ఏళ్లు నిండని ఒక గణిత శాస్త్రజ్ఞుణ్ని ఉద్యోగంలోకి తీసుకుంది. పేరు పాల్ ద కాస్టెల్జో. బెజాన్సోన్‌లో 1930లో పుట్టాడు. అప్పటికి మూడేళ్ల కిందటే ఆ కంపెనీ డీఎస్ కారు తెచ్చింది. సొరచేప మూతిలాంటి ముందుభాగంతో రోడ్ల మీద వింతగా కనిపించిన కారది. దాని ఆకారం ఫ్లమీనియో బెర్తోనీ అనే ఇటాలియన్ శిల్పిది. శిల్పి చేతిలో పుట్టినదాన్ని అంకెల్లో పెట్టమంటూ గణితం చదువుకున్నవాణ్ని తెచ్చి కూర్చోబెట్టారన్నమాట.

ద కాస్టెల్జో పట్టుకున్న ఉపాయం ఎంత తేలికైనదంటే, పెన్సిలూ స్కేలూ ఉంటే ఎవరైనా చేసి చూడొచ్చు. కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టండి. ఒకటో చుక్కను రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి, మూడోదాన్ని నాలుగోదానికి గీతలతో కలపండి. మూడు గీతలు వస్తాయి. ఒక్కో గీతకు నడిమధ్య ఒక చుక్క పెడితే మూడు కొత్త చుక్కలు. వాటిని వరసగా కలిపితే రెండు గీతలు. వాటి నడిమధ్య రెండు చుక్కలు. ఆ రెండింటినీ కలిపిన గీత నడిమధ్య చుక్క పెట్టండి. ఆఖరి ఆ ఒక్క చుక్కా వంపు మీది బిందువు. ఇప్పుడు సగం బదులు అన్నిచోట్లా మూడోవంతు దగ్గర చుక్కలు పెట్టి మళ్లీ మొదటినుంచి చేస్తే వంపు మీది ఇంకో బిందువు దొరుకుతుంది. నాలుగోవంతు, ముప్పావువంతు అంటూ పోతుంటే ఒకటో చుక్క దగ్గర బయల్దేరి నాలుగోదాని దగ్గర ఆగే నునుపైన వంపు కళ్లముందే ఏర్పడుతుంది. మధ్యలోని రెండు చుక్కల గుండా అది పోదు. అవి దూరం నుంచే దాన్ని తమవైపు లాగుతుంటాయి. ఒక చుక్కను జరిపితే వంపు అటు మొగ్గుతుంది. కూడికలు, భాగహారాలు తప్ప ఇందులో ఇంకేం లేదు. ఆ చుక్కలకు ఆయన పోల్స్ అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు డిజైనర్లందరూ కంట్రోల్ పాయింట్లు అంటున్నది వీటినే.

వరసకు నాలుగు చొప్పున నాలుగు వరసల చుక్కలు గాలిలో నిలబెడితే గీత బదులు పలక వస్తుంది. పదహారు చుక్కలు, ఒక ప్యాచ్. వాటిలో మధ్యవాటిని పైకి లాగితే పలక పొంగుతుంది, కిందికి నొక్కితే గుంట పడుతుంది. ఫెండర్‌కు కొన్ని ప్యాచ్‌లు, బానెట్‌కు కొన్ని.

1959లో ఇదంతా రాసి కంపెనీకి ఇచ్చాడు. కంపెనీ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. పోటీదారు చేతికి పోకూడదని సిత్రోయెన్ భయం. వ్యాపార బుద్ధితో చూస్తే అందులో తప్పేమీ లేదు. నష్టపోయింది ఆ మనిషి. ఆయన రాసిన కాగితాలు బయటి లోకానికి తెలిసేసరికి పదిహేనేళ్లు దాటాయి. అప్పటికి ఆ వంపుల పేరు వేరేవాళ్లది అయిపోయింది.

ఆ వేరేవాళ్లు అదే ఊళ్లో, పోటీ కంపెనీలో ఉన్నారు. పియెర్ బెజియే 1910లో పారిస్‌లో పుట్టాడు. మెకానికల్, ఎలక్ట్రికల్ రెండూ చదివిన ఇంజినీరు. 1933లో రెనోలో చేరి 42 ఏళ్లు అక్కడే ఉన్నాడు. యుద్ధంలో జర్మన్లకు ఖైదీగా దొరికాడు. యుద్ధం ముగిశాక రెనో తెచ్చిన చిన్నకారు 4సీవీ కోసం ఇంజిన్ భాగాలను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తమంతట తామే తీసుకుపోయి కోసే ట్రాన్స్‌ఫర్ మెషిన్లు చేసింది ఆయనే. అంటే వంపుల లెక్కలోకి దిగేసరికి వయసు యాభై. గణితజ్ఞుడు కాదు, యంత్రాల మనిషి. 1960లో ఆయన ముందున్నది మాస్టర్ మోడల్ దగ్గరి గొడవ. ఆకారానికి ఒకే ఒక్క అసలు ఉండాలి, అది అంకెల్లో ఉండాలి, స్టైలిస్టు నుంచి డై మేకర్ దాకా అందరూ అక్కడి నుంచే తీసుకోవాలి. ఆయన పట్టుదల ఇది.

ఆలోచించిన తీరు కూడా యంత్రాల మనిషి తీరే. ఒక ఘనాకారపు పెట్టెలో వంపు తీగ ఒకటి ఉందనుకున్నాడు. తీగ జోలికి పోకుండా పెట్టెను పక్కకు వంచితే, సాగదీస్తే, లోపలి తీగ కూడా దాంతోపాటే వంగుతుంది కదా? అయితే వంపును దిద్దడమంటే చుట్టూ ఉన్న పెట్టెను దిద్దడమే. అక్కడ మొదలై కొన్నేళ్లకు ఆయన తేల్చినదీ, ఇటు సిత్రోయెన్ తాళం వేసిన బీరువాలో ద కాస్టెల్జో రాసినదీ లెక్క ప్రకారం ఒకే వంపు. సూత్రాలు చూస్తే పోలిక కనపడదు. ఎవరి దారిన వాళ్లు వచ్చి ఒకే చోట తేలారు.

రెనోలో అందరూ ఎగిరి గంతేయలేదు. ఇది నిజంగా పనికొచ్చేదే అయితే అమెరికన్లు ముందే కనిపెట్టేవారు కదా అన్న పెద్దమనిషి కూడా ఉన్నాడట. బెజియే తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ ముచ్చట ఉంది. ఈ ప్రమేయాలు ఎవరివని అడిగేవాళ్లకు ఒనెజీమ్ దురాన్ అనే ప్రొఫెసర్‌వని చెప్పేవాడని మరో ముచ్చట. ఆ ప్రొఫెసర్ బెజియే ఊహలో తప్ప ఎక్కడా లేడు. కంపెనీ ఇంజినీరు మాటకన్నా ప్రొఫెసర్ మాటకు విలువ ఎక్కువని ఆయనకు తెలుసు మరి.

యూనిసర్ఫ్ అని పేరు పెట్టిన ఆ వ్యవస్థ 1968 నాటికి రెనోలో పనిలోకి వచ్చింది. బెజియే మొదటినుంచీ పట్టుబట్టిన సంగతి ఒకటుంది. డ్రాఫ్ట్స్‌మన్‌కు సమీకరణం తెలియనక్కర్లేదు. చుక్కను ఎటు జరిపితే వంపు ఎటు పోతుందో కొన్నాళ్లు చేస్తే చేతికే తెలుస్తుంది. కంప్యూటర్ అంకెలు ఇస్తే పెద్ద డ్రాయింగ్ మెషిన్ అసలు సైజులో గీస్తుంది, మిల్లింగ్ మెషిన్ మెత్తటి దిమ్మెలో బొమ్మ చెక్కుతుంది. స్టైలిస్టు దాన్ని తడిమి చూసి ఇక్కడ కాస్త తగ్గించమంటాడు, డ్రాఫ్ట్స్‌మన్ చుక్క జరుపుతాడు, మళ్లీ చెక్కుతారు. ఈ పనిలో ఎక్కువ తెలివి ఇక్కడే కనిపిస్తుంది. అదే సూత్రం తెలిసినవాడు పొరుగు కంపెనీలోనే ఉండగా, దాన్ని గణితం రానివాడి చేతి పనిముట్టుగా మార్చి లోకానికి చూపించింది మాత్రం బెజియే.

రెనో ఆయన్ని రాయనిచ్చింది, మాట్లాడనిచ్చింది. 1960ల నుంచే వ్యాసాలు వచ్చాయి. అందుకే అవి బెజియే వంపులయ్యాయి. వాటి వెనక ఇంకా పాత చుట్టం ఒకరున్నారని 1972లో ఇంగ్లండ్‌కు చెందిన రాబిన్ ఫారెస్ట్ చూపించాడు. 1912లో ఖార్కివ్‌లో సెర్గేయ్ బెర్న్‌స్టైన్ ఒక సిద్ధాంతానికి కొత్త నిరూపణ ఇవ్వడం కోసం కొన్ని బహుపదులను వాడాడు. తెగని ఏ రేఖనైనా అవి అనుకరిస్తాయి గానీ, దగ్గరికి చేరడం మరీ నెమ్మది. లెక్కలు కట్టేవాళ్లు పనికిరావని వాటిని పక్కన పెట్టేశారు. ఆ మందకొడితనమే ఆకారం దిద్దేవాడికి వరమైంది. చుక్కలు అటూ ఇటూ ఉన్నా ఆ వంపు ఉలిక్కిపడదు, అనవసరంగా మెలికలు తిరగదు. సిత్రోయెన్ నివేదికలు 1970లలో జర్మన్ గణితజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ బోయెమ్ కంటపడ్డాయి. మధ్య చుక్కలు పెడుతూ పోయే ఆ పద్ధతికి ద కాస్టెల్జో అల్గారిథం అని ఆయన పేరు నిలబెట్టాడు. ద కాస్టెల్జో 1992 దాకా సిత్రోయెన్‌లోనే పనిచేసి, 2022లో చనిపోయాడు. 2012లో ఆయనకు ఒక గౌరవం దక్కింది. సాలిడ్ మోడలింగ్ అసోసియేషన్ ఇచ్చే ఆ అవార్డు పేరు బెజియే అవార్డు.

ఇక అమెరికా. అక్కడివాళ్లు ఊరికే కూర్చోలేదు. బోయింగ్‌లో జేమ్స్ ఫెర్గూసన్ విమాన రెక్కల కోసం 1960ల మొదట్లోనే ప్యాచ్‌లు అల్లాడు. ఎంఐటీలో స్టీవెన్ కూన్స్ ఏవైనా నాలుగు వంపు అంచులు ఇస్తే వాటి మధ్య జాగాను నింపే పలకను కనిపెట్టాడు. 1967లో వచ్చిన ఆయన నివేదిక ఈ రంగంలో కొత్తగా దిగినవాళ్లందరికీ పాఠ్యపుస్తకమైంది. లాఫ్ట్ నేల మీది చెక్క బద్దకు కూడా లెక్క దొరికింది. ఐజాక్ షోన్‌బర్గ్ 1946లోనే బద్ద వంగే తీరును బహుపదుల ముక్కలు అతికి అనుకరించి, వాటికీ స్ప్లైన్ అనే పేరే పెట్టాడు. 1972లో కార్ల్ ద బోర్, మారిస్ కాక్స్ విడివిడిగా వాటిని తేలిగ్గా గణించే మార్గం చూపారు. మరుసటి ఏడాది సిరక్యూస్ యూనివర్సిటీలో రిచర్డ్ రీసెన్‌ఫెల్డ్ వాటిని బీ-స్ప్లైన్‌ల రూపంలో డిజైన్ పనిలోకి తెచ్చాడు. బెజియే వంపులో ఏ చుక్క కదిలించినా వంపంతా ఎంతోకొంత కదులుతుంది. బీ-స్ప్లైన్‌లో ఆ చుక్క దగ్గరి జాగా మాత్రమే కదులుతుంది. కారు ముందు దీపం దగ్గర దిద్దుకుంటూ వెనక డిక్కీ చెడగొట్టుకోనక్కర్లేదు.

మిగిలింది గుండ్రం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇన్ని వంపులు గీయగల ఈ బహుపదులు ఒక్క వృత్తాన్ని కచ్చితంగా గీయలేవు. దగ్గరగా గీస్తాయి. బేరింగ్ కూర్చునే రంధ్రానికి దగ్గరగా అంటే కుదరదు. ఒక బహుపదిని ఇంకో బహుపదితో భాగిస్తే వృత్తం, దీర్ఘవృత్తం అన్నీ కచ్చితంగా వస్తాయి. ఒక్కో చుక్కకు ఒక్కో బరువు ఇవ్వడమన్నమాట. మస్టాంగ్ నాటి లైమింగ్ రేఖలు ఇలా తిరిగొచ్చాయి. సిరక్యూస్‌లోనే కెన్నెత్ వెర్‌స్ప్రిల్ 1975 నాటి థీసిస్‌లో దీన్ని బీ-స్ప్లైన్‌లకు జోడించాడు. బోయింగ్‌లో అప్పటికి వేర్వేరు విభాగాలు వేర్వేరు రకాల వంపులు వాడుతూ ఒకరి ఫైలు ఒకరు చదవలేని స్థితిలో ఉన్నాయి. అన్నిటినీ ఒకే రూపంలో రాయగలిగే ఈ పద్ధతి వాళ్లకు కలిసొచ్చింది. 1981లో బోయింగ్ దాన్ని కంపెనీల మధ్య ఫైళ్లు మార్చుకునే ఐజెస్ ప్రమాణంలో చేర్చమని అడిగింది. నర్బ్స్ అనే పొట్టిపేరుతో అది ఈనాటికీ కంప్యూటర్‌తో డిజైన్ చేసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ దాదాపు అన్నిటికీ ఉమ్మడి భాష.

ఇదే కాలంలో యూటా యూనివర్సిటీలో మార్టిన్ న్యూవెల్‌కు కంప్యూటర్‌లో గీసి చూడటానికి వంపులున్న వస్తువు ఒకటి కావలసి వచ్చింది. భార్య శాండ్రా టీ సామాను గీయమంది. 1975లో ఆయన ఇంట్లోని తెల్లటి టీపాట్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసి, బెజియే ప్యాచ్‌లకు చుక్కలు చదివి ఎక్కించాడు. పొట్ట, కొమ్ము, పిడి, మూత అన్నీ ఉన్నాయి. అడుగు వేయలేదు, తర్వాత ఎవరో కలిపారు. కంప్యూటర్ బొమ్మల చరిత్రలో దానికున్నంత పేరు ఏ మనిషి ముఖానికీ లేదు. అసలు టీపాట్ ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. న్యూవెల్ ఆ తర్వాత జిరాక్స్ పరిశోధన కేంద్రానికి పోయి జాన్ వార్నాక్‌తో కలిసి జామ్ అనే ప్రోగ్రామింగ్ భాష చేశాడు. వార్నాక్ దాని అనుభవంతోనే అడోబీ కంపెనీ స్థాపించి, పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ భాష తెచ్చాడు. అందులో అక్షరాలన్నీ బెజియే వంపులే. పుట్టుకతోనే గుండ్రటి తెలుగు అక్షరాలకు ఇంతకన్నా కలిసొచ్చేది ఏముంటుంది! తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్ల దగ్గర నుంచి నేటి పత్రికల ఫాంట్ల దాకా తలకట్టు నుంచి సుడి దాకా అన్నీ కారు ఫెండర్ కోసం పుట్టిన ఈ చుక్కల చలవే.

విమానాల సాఫ్ట్‌వేర్ కట్టడాల వైపు రావడం మరో మలుపు. దస్సో విమాన కంపెనీ తన ఫైటర్ల కోసం 1977లో మొదలుపెట్టిన ప్రోగ్రామే క్యాటియా. 1994లో మొదటిసారి ఎగిరిన బోయింగ్ 777ను పూర్తిగా దాంతోనే గీశారు. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గేరీ ఆఫీసు 1992 బార్సెలోనా ఒలింపిక్స్ కోసం సముద్రపుటొడ్డున పెద్ద చేప బొమ్మ కట్టాల్సి వచ్చినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌నే ఆశ్రయించింది. 1997లో తెరిచిన బిల్బావో గుగెన్‌హైమ్ మ్యూజియం కూడా దాని మీదే. గేరీకి కంప్యూటర్ పని వచ్చేది కాదు. కాగితం ముడిచి, చెక్క అతికి చేత్తో నమూనా చేసేవాడు. ఆఫీసువాళ్లు దాని మీద కొలిచే కర్ర మొన ఆనించి చుక్క చుక్కగా కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. అక్కడి నుంచి అర మిల్లీమీటరు మందం కూడా లేని టైటానియం రేకుల దాకా అంకెలే రాజ్యం. కట్టడాల విషయంలో గేరీ చేతినే అందరూ పొగిడారు గానీ, బిల్బావోలో ఖర్చు అంచనా దాటకుండా నిలబెట్టిన ఘనత ఆ అంకెలదే.

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, ప్యాచ్‌కు నాలుగు అంచులే. బానెట్‌కు సరిపోతుంది. మనిషి చెయ్యికో? ఐదు వేళ్లు అరచేతిలో కలిసే చోట నాలుగు అంచుల పలకలు ఎలా పరిచినా ఎక్కడో మూడో, ఐదో మూలలు వచ్చి పడతాయి. రెండు పలకలను ఒకదాంట్లోంచి ఒకటి పోనిచ్చి, అదనపు భాగం కోసేసి అతకడం క్యాడ్‌లో వాడే ఉపాయం. దాని లోపల చిక్కు ఎంతుందో 1980లలో థామస్ సెడర్‌బర్గ్ లెక్కకట్టాడు. మామూలు పదహారు చుక్కల ప్యాచ్‌ను ఒకే సమీకరణంగా రాస్తే దాని ఘాతం 18. అలాంటివి రెండు కలిసే గీత ఘాతం 18ని 18తో గుణిస్తే 324. ఇంటర్ విద్యార్థి రెండో ఘాతపు సమీకరణం దగ్గరే చెమటలు కక్కుతాడు. అందువల్ల ఏ సాఫ్ట్‌వేరూ ఆ అతుకు గీతను కచ్చితంగా దాచదు, ఉజ్జాయింపుగా దాస్తుంది. ఆ ఉజ్జాయింపులోనే వెంట్రుకవాసి సందులు. ఒక ప్రోగ్రాంలో మూసుకున్న బొమ్మ ఇంకోదాంట్లో తెరిస్తే చిల్లులు పడి కనపడటానికి కారణం ఇదే. ఈ పనిలో ఉన్నవాళ్లు రోజూ తిట్టుకునే సంగతి.

దారి వేరేవైపు నుంచి దొరికింది. యూటాలోనే చదివిన ఎడ్విన్ కాట్మల్ 1972లో తన ఎడమచేతికి ప్లాస్టర్ మూస తీసి, దాని మీద గీతలు గీసి, చిన్న పలకలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి చెయ్యి ముడుచుకున్నట్టు సినిమా తీశాడు. 1978లో జిమ్ క్లార్క్‌తో కలిసి ఒక పద్ధతి రాశాడు. ముతక పెట్టెలాంటి ఆకారం తీసుకుని, ప్రతి ముఖాన్నీ నాలుగుగా చీల్చి, మూలలను చుట్టుపక్కల వాటి సగటు వైపు జరపడం. మళ్లీ చీల్చడం, మళ్లీ జరపడం. మూడు నాలుగు సార్లు చేసేసరికి పెట్టె మూలలు కరిగి నునుపైన ముద్ద అవుతుంది. ఒక మూల దగ్గర ఎన్ని అంచులు కలిసినా ఇబ్బంది లేదు. అదే పత్రిక అదే సంచికలో ఇంగ్లండ్‌కు చెందిన డూ, సాబిన్ ఇలాంటిదే ఇంకో పద్ధతి ఇచ్చారు. మాల్కం సాబిన్ అంతకుముందు బ్రిటిష్ విమాన కంపెనీలో వంపుల లెక్కలు చూసినవాడే.

ఇరవయ్యేళ్లు ఇది దాదాపు పత్రికల్లోనే ఉండిపోయింది. పిక్సార్ 1997లో ‘గెరీస్ గేమ్’ అనే చిన్న సినిమా తీసింది. పార్కులో తనతో తానే చదరంగం ఆడుకునే ముసలాయన కథ. ముడతలు పడ్డ ఆయన ముఖం, వేళ్లు, కోటు అన్నీ ఈ చీల్చే పద్ధతిలో చేసినవి. దానికి ఆస్కార్ వచ్చింది. సినిమావాళ్లు నర్బ్స్ వదిలి ఇటే వచ్చేశారు. క్యాడ్‌వాళ్లు మాత్రం కదల్లేదు. నాలుగు కాకుండా మూడో ఐదో అంచులు కలిసే చోట వంపు తీరు చిన్నగా తొట్రుపడుతుంది. సినిమా తెర మీద అది ఎవరికీ పట్టదు. డై మేకర్‌కు పడుతుంది.

ఇద్దరి మధ్యా రాజీ కుదర్చడానికి పూనుకున్నది మళ్లీ సెడర్‌బర్గే. చుక్కల వరసలు ఈ చివరి నుంచి ఆ చివరికి పోనక్కర్లేదు, మధ్యలో ఆగిపోవచ్చు అన్న టీ-స్ప్లైన్ ఆలోచనను 2003లో సహచరులతో కలిసి ప్రకటించాడు. దాని మీద పుట్టిన కంపెనీ టెక్నాలజీని 2011 చివర్లో ఆటోడెస్క్ కొనుక్కుని ఫ్యూజన్ 360లో పెట్టింది. పీటీసీ వాళ్ల క్రియోలో ఫ్రీస్టైల్, సీమెన్స్ ఎన్‌ఎక్స్‌లో రియలైజ్ షేప్, క్యాటియాలో ఇమాజిన్ అండ్ షేప్ అన్నీ ఈ కోవవే. 2020లో రైనో 7 కూడా ఈ దారిలోకి వచ్చింది. పెట్టె పెట్టు, ముఖం పట్టుకుని లాగు, అంచు పట్టుకుని వంచు. కంప్యూటర్ మౌస్, హెల్మెట్, డ్రిల్లు పిడి, కృత్రిమ అవయవాల పైతొడుగు ఇలా చేతికీ ఒంటికీ తగిలే వస్తువులు చాలా ఇప్పుడు ఇలాగే మొదలవుతున్నాయి. చేతి స్పర్శ కూడా కావాలన్నవాళ్లు ఉన్నారు. 1990లలో ఎంఐటీ నుంచి థామస్ మాసీ, కెన్నెత్ సాలిస్‌బరీ ఫాంటమ్ అనే పరికరం తెచ్చారు. కర్రలాంటి దాన్ని పట్టుకుని తెర మీది మట్టిని గీకితే చేతికి నిజంగానే గట్టిదనం తగులుతుంది. 

అయినా కారు బయటి ఒంటిని మాత్రం ఇలా లాగి వదిలేయరు. క్లాస్-ఏ సర్ఫేసింగ్ అనే పని అక్కడ ఇంకా వేరుగానే ఉంది. రెండు ప్యాచ్‌లు అంచు దగ్గర తాకితే చాలదు, ఒకే దిశలో తిరిగితే కూడా చాలదు. వంపు తీవ్రత సైతం అంచు దాటేటప్పుడు ఉన్నట్టుండి మారకూడదు. పరీక్ష తేలికే. తెర మీది కారుకు నలుపు తెలుపు చారలు ప్రతిబింబించేట్టు చేస్తారు. దిశ మాత్రమే కలిస్తే చార అతుకు దగ్గర మోచేయిలా మడత పడుతుంది, వంపు కూడా కలిస్తే నీళ్లలా జారిపోతుంది. సొట్ట తీసే టింకర్ షెడ్డులో ట్యూబ్‌లైట్ నీడను తలుపు రేకు మీద చూసుకునేది కూడా ఇదే.

క్లే మోడల్ కూడా పోలేదు. పెద్ద కార్ల స్టూడియోల్లో ఇప్పుడు కంప్యూటర్ ఫైలు నుంచి ఐదు అక్షాల మిల్లింగ్ మెషిన్ రాత్రికి రాత్రి క్లే కారును చెక్కుతుంది. పొద్దున్నే మోడలర్లు వచ్చి ఉక్కు గీకుడు బద్దలతో భుజం గీతను కొంచెం తీస్తారు, వెనక మూల దగ్గర కొంచెం పెడతారు, వెండి రంగు ఫిల్మ్ అంటించి వెలుగులో చూస్తారు. బాగుందనిపిస్తే స్కానర్ దాన్ని లక్షల చుక్కలుగా చదివి మళ్లీ కంప్యూటర్‌లోకి పంపుతుంది. ఆ చుక్కల మూట మీద క్లాస్-ఏ మోడలర్ వీలైనన్ని తక్కువ కంట్రోల్ పాయింట్లతో కొత్త ప్యాచ్‌లు పరుస్తాడు. టూలింగ్ విభాగానికి వెళ్లేది అతని ఫైలు. క్లేకూ ఫైలుకూ తేడా వస్తే చెల్లేది ఫైలే.